లై చీ వో బొమ్మల కొలువు కాదు

"అక్కా, ఊరు బాగుంది, కాదనను. కానీ ఇది బొమ్మల కొలువు. మనుషులేరి?"

లై చీ వో నుంచి తిరిగొచ్చే పడవలో మా ఆఫీసులో పనిచేసే ఒక తమ్ముడు అన్న మాట ఇది. తెనాలి అబ్బాయి, హాంగ్‌కాంగ్ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఈ నగరంలో అద్దాల మేడలు తప్ప ఇంకేమీ లేదనుకుంటున్నాడని నేనే పట్టుబట్టి తీసుకెళ్ళాను. రోజంతా ఊరు చూశాడు, పొలం గట్ల మీద నడిచాడు, ఫోటోలు తీసుకున్నాడు. పడవెక్కాక తన లెక్క చెప్పాడు. సెలవు రోజున పడవ వస్తే ఊళ్ళో సందడి, పడవ పోతే నిశ్శబ్దం. పొలం చేసేవాళ్ళు ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు కారు. ఆ ఊరి వంశాలవాళ్ళేమో ఎక్కువమంది ఇంగ్లండులో ఉన్నారు. ఇళ్ళు బాగుచేయడానికి డబ్బు దాతలది, ప్రభుత్వానిది. ఇంక దాన్ని ఊరనడం దేనికి, మ్యూజియం అనొచ్చు కదా అన్నాడు.

అతను చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా చివరికి అతను తేల్చిన మాట నాకు మింగుడు పడలేదు. పడవ మోతలో జవాబు చెప్పడం కుదరలేదు గానీ, అప్పటినుంచీ ఆ మాట నన్ను వదల్లేదు. లై చీ వో బతికున్న ఊరేనని నా వాదన. అక్కడి ఇళ్ళు అందంగా ఉన్నాయనో, పాత పండగలు ఇంకా చేస్తున్నారనో ఈ మాట అనడం లేదు. ఆ ఊరి చరిత్ర చదివితే ఎవరికైనా అలాగే అనిపిస్తుందని నా నమ్మకం.

కొండకీ సముద్రానికీ నడుమ

హాంగ్‌కాంగ్‌కి ఈశాన్య మూలన, చైనా సరిహద్దుకి దగ్గర్లో, ష టావ్ కోక్ ప్రాంతంలో ఉంది లై చీ వో. కారు పోయే దారి లేదు. సెలవు రోజుల్లో మా లియు షుయ్ రేవు నుంచి పడవ వెళ్తుంది, గంటన్నర ప్రయాణం. లేదంటే వు కావ్ తాంగ్ వైపు నుంచి కొండదారి పట్టి గంటల తరబడి నడవాలి. చుట్టూ ఉన్న కొండలు ప్లోవర్ కోవ్ కంట్రీ పార్కు కిందికి వస్తాయి. ఊరి ముందు సముద్రపు పాయ ఉంటుంది.

ఇది హక్కాల ఊరు. హక్కాలంటే ఉత్తర చైనా నుంచి దక్షిణానికి వలస వచ్చిన, తమ భాష తమకున్న జనం. హక్కా ఊరు అనగానే చాలామందికి ఫుజియన్ రాష్ట్రంలోని గుండ్రటి మట్టికోటలు గుర్తొస్తాయి. ఇక్కడ అలాంటివి లేవు. 200కు పైగా పెంకుటిళ్ళు, ఒకదాని గోడ ఒకటి పంచుకుని వరసలు వరసలుగా ఉంటాయి. వాటి మధ్య ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తిరగాల్సినంత సన్నటి సందులు. ఊరి చుట్టూ గోడ. తూర్పు వాకిలి మీద చైనా అక్షరాలు. ముందు భాగంలో పెద్ద మైదానం, దాని అంచున హిప్ తిన్ గుడి. అందులో క్వాన్ తాయ్ దేవుడు, చైనా చరిత్రలో మూడు రాజ్యాల కాలం నాటి వీరుడు, మాట తప్పనివాడని పేరు. పక్కనే ఒక బౌద్ధ మఠం.

మొదట నేనూ ఇళ్ళనే చూశాను. ఊరిని అర్థం చేసుకోవడానికి అసలు చూడాల్సింది వరస. పైన కొండ, దాని కింద అడవి, అడవి కింద ఊరు, ఊరి ముందు పొలాలు, పొలాల తర్వాత మడచెట్లు, ఆపైన సముద్రం. కొండ మీద పడ్డ వాన సూటిగా ఊరి మీదికి దూకకుండా అడవి పట్టుకుంటుంది. ఊరి పక్కగా పారే వాగు నీళ్ళని కాలవల్లోకి మళ్ళించి మెట్టు మెట్టుగా పొలాలకి దించుతారు. తుఫాను గాలి, ఉప్పెన నీరు వస్తే మడచెట్లు ముందు కాచుకుంటాయి. ఈ వరసలో ఏ ఒక్కటి తీసేసినా మిగిలినవి నిలవవు.

ఊరి వెనక అడవిని ఫెంగ్ షుయ్ అడవి అంటారు. ఊరి సిరి అందులో ఉందని నమ్మకం కాబట్టి అక్కడ చెట్టు కొట్టకూడదు. హాంగ్‌కాంగ్‌లో ఇలాంటి అడవులు చాలా ఊళ్ళ వెనక ఉన్నాయి, ఇది వాటిలో పెద్దవాటిలో ఒకటి. రెండో ప్రపంచ యుద్ధంలో చుట్టుపక్కల కొండలు వంటచెరకు కోసం బోడిగుండ్లయినా ఇలాంటి అడవులు మిగిలాయి. లోపల ఒక కర్పూరం చెట్టుంది. మొదట్లో అయిదు మానులు చేతి వేళ్ళలా పైకి లేచేవట, అందుకే అయిదు వేళ్ళ కర్పూరమని పేరు. జపాన్ సైన్యం ఉన్న రోజుల్లో ఒక వేలు కోసేశారని చెప్తారు. ఇప్పుడు నాలుగే ఉన్నాయి. ఆ మొండి దగ్గర నిలబడి చూస్తే, ఎంత మాను పోయిందో, ఎంత మాను మిగిలిందో రెండూ ఒక్కసారే కనిపిస్తాయి. సముద్రపు ఒడ్డున హెరిటియెరా చెట్ల తోపు ఉంది. సుందరబన్‌కి పేరు తెచ్చిన సుందరి చెట్టుకి ఇది దగ్గరి బంధువు. మనిషి నడుము ఎత్తున వేర్లు పలకల్లాగా నేల మీద లేచి, వంకర్లు తిరుగుతూ పోతాయి. వాటి మీదుగా శతాబ్దాల నాటి తీగలు ఊయలలా వేలాడతాయి.

ఆ అడవిని కాపాడింది అటవీ శాఖ కాదు, ఊరి కట్టుబాటు. నా మటుకు ఈ ఊరి వారసత్వంలో ఇళ్ళకంటే ముందు లెక్క పెట్టాల్సింది ఆ కట్టుబాటునే. ఇల్లు కూలితే మళ్ళీ కట్టుకోవచ్చు. తరాల తరబడి, చలికాలంలో పొయ్యిలోకి కట్టె లేకపోయినా సరే, ఆ చెట్టు జోలికి పోకుండా ఉండటం ఎవరూ డబ్బిచ్చి తెప్పించలేరు.

అప్పుడు కూడా ఖాళీ నేలే

హక్కాల మాట వస్తే మనవాళ్ళకి తెలిసింది నూడుల్స్ బండి ఒక్కటే. కోల్‌కతాలో తోళ్ళ పరిశ్రమ నడిపి, టాంగ్రాలో హోటళ్ళు పెట్టిన చైనావాళ్ళలో ఎక్కువమంది హక్కాలే. 1962 యుద్ధం తర్వాత మన దేశంలోని చైనా సంతతివాళ్ళని వేల మందిని రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో నిర్బంధించారు. వాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. తర్వాత చాలామంది టొరంటో వెళ్ళిపోయారు. హక్కాల కథ ఎక్కడ మొదలుపెట్టినా ఇలాగే ఉంటుంది. ఉత్తరాది నుంచి శతాబ్దాల పాటు దక్షిణానికి జరుగుతూ వచ్చారు. వచ్చేసరికి మంచి నేలలన్నీ అంతకు ముందే స్థిరపడ్డవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. వీళ్ళకి కొండవాలులే మిగిలాయి.

లై చీ వోకి వాళ్ళు వచ్చిన కథ నా వాదనకి ప్రాణం, అందుకే కాస్త ఆగి చెప్తాను. 1661లో, అప్పట్లో చైనాని ఏలుతున్న చింగ్ వంశపు ప్రభుత్వం ఒక ఆజ్ఞ వేసింది. తైవాన్ వైపున్న తిరుగుబాటు నౌకాదళానికి తిండీ సాయమూ అందకుండా, దక్షిణ తీరం పొడవునా జనమంతా లోపలికి వెళ్ళిపోవాలని. ఇళ్ళు కూల్చారు, పంటలు తగలబెట్టారు. వెళ్ళినవాళ్ళలో ఎందరు దారిలోనే పోయారో. కాంగ్ షీ చక్రవర్తి కాలంలో, 1669లో ఆ ఆజ్ఞ ఎత్తేశారు. కానీ తిరిగొచ్చినవాళ్ళు కొద్దిమందే. పొలాలు తుప్పలు పట్టి ఉన్నాయి. పన్ను రావాలంటే దున్నేవాళ్ళు కావాలి. అందుకని ప్రభుత్వం లోపలి కొండ ప్రాంతాల నుంచి హక్కాలని రమ్మంది. ఆ తర్వాతి కాలంలో ఈ తీరమంతా హక్కా ఊళ్ళు వెలిశాయి. లై చీ వోలో త్సాంగ్, వాంగ్ అనే రెండు వంశాలు స్థిరపడి 300 ఏళ్ళు దాటింది.

అంటే ఏమిటి? ఖాళీ చేసిన నేల ఉంది. దాన్ని దున్నడానికి బయటివాళ్ళని పిలిచారు. వాళ్ళు వచ్చి రాళ్ళు ఏరి, మెట్లు కట్టి, నీళ్ళు మళ్ళించి పండించారు. ముందునుంచీ ఉన్నవాళ్ళు, పున్తిలనేవాళ్ళు, వీళ్ళని తమలో కలుపుకోలేదు. భాష వేరు, కట్టు వేరు, ఆడవాళ్ళ తీరు వేరు. గువాంగ్‌డాంగ్‌లో మరికొన్ని చోట్ల 1855 నుంచి 1867 దాకా ఈ రెండు వర్గాల మధ్య నెత్తుటి యుద్ధాలే జరిగాయి.

మా తెనాలి తమ్ముడు ఎత్తిచూపిన లోపం "పొలం చేసేది ఆ ఊరివాళ్ళు కారు" అని. మూడు వందల ఏళ్ళ కిందట కూడా ఈ పొలాలు చేసింది "ఆ ఊరివాళ్ళు" కారు. ఊరు పుట్టిందే అలాగ.

ఏడూళ్ళ పొత్తు

లై చీ వో ఒంటరి ఊరు కాదు. చుట్టూ ఉన్న హక్కా ఊళ్ళతో కలిసి హింగ్ చున్ యూక్ అనే ఏడూళ్ళ పొత్తు ఉంది. సో లో పున్, సామ్ ఆ, ముయ్ త్సి లామ్, కాప్ తాంగ్, ఇంకా రెండు చిన్న ఊళ్ళు ఇందులో ఉన్నాయి. లై చీ వో వీటికి పెద్దన్న. గుడి అందరిదీ, బడి అందరిదీ, దారుల మరమ్మతు అందరిదీ. పదేళ్ళకోసారి ఏడూళ్ళవాళ్ళూ కలిసి తాయ్ పింగ్ చింగ్ చియు జాతర చేస్తారు. వెదురు పందిళ్ళు వేసి, పూజారుల్ని పిలిచి, దిక్కులేని ఆత్మలకి అన్నం పెట్టి, ఊరికి శాంతి అడుగుతారు. ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచీ, యూరప్ నుంచీ మనుమలు మనుమరాళ్ళతో సహా దిగుతారు.

ఈ జాతర చూసి "అదిగో, సంస్కృతి బతికే ఉంది" అనేవాళ్ళూ ఉన్నారు. నేను అంత తొందరపడను. పదేళ్ళకోసారి వచ్చే జనంతో ఊరు బతకదు, కాలవలో పూడిక తీయడానికి పదేళ్ళు ఆగలేం. అయితే ఆ పొత్తు లేకపోతే తర్వాత జరిగిందేదీ జరిగేది కాదనేది నిజం. దేశాలు దాటిపోయినవాళ్ళని ఒక మాట మీదికి తేవడానికి ఒక పాత కట్టు మిగిలి ఉంది, అదే అక్కరకొచ్చింది.

ఎవరూ మాయం కాలేదు

1950లు, 60లలో హాంగ్‌కాంగ్ కొత్త మండలాల్లో (న్యూ టెరిటరీస్ అంటారు, లై చీ వో ఉన్నదీ ఇక్కడే) వరి సాగు చితికిపోయింది. థాయిలాండ్ బియ్యం చవగ్గా దిగుతుంటే కొండ మెట్ల మీద, చెయ్యి తప్ప యంత్రం ఆడని చోట, పండించిన ధాన్యానికి గిట్టుబాటు ఎక్కడిది? ఈ మండలాలు 1898లో 99 ఏళ్ళ కౌలుకి బ్రిటన్ చేతికి వెళ్ళాయి, కాబట్టి ఇక్కడ పుట్టినవాళ్ళు బ్రిటిష్ ప్రజలు. ఇంగ్లండులో చైనా హోటళ్ళకి మనుషులు కావలసి వచ్చారు. ఒక అన్న వెళ్ళి తమ్ముణ్ణి పిలిచాడు, తమ్ముడు బావమరిదిని పిలిచాడు. 1962లో బ్రిటన్ వలస చట్టం తెచ్చాక పని అనుమతి వోచరు ఉంటేగానీ వెళ్ళలేని పరిస్థితి వచ్చింది, కానీ హోటలు పెట్టిన బంధువు ఉంటే పిలుపు దొరికేది. మొదట మగవాళ్ళు, తర్వాత కుటుంబాలు. మిగిలినవాళ్ళు పిల్లల చదువు కోసం, పని కోసం నగరానికి దిగారు. బడి మూతపడింది. పొలాల్లో రెల్లు పెరిగింది.

పక్కూరు సో లో పున్ గురించి ఇప్పటికీ ఒక దయ్యాల కథ తిప్పుతుంటారు. అక్కడికి వెళ్తే దిక్సూచి పనిచేయదట, ఊరి జనమంతా ఒక్కసారిగా మాయమైపోయారట. హాలోవీన్ వచ్చిందంటే ఈ కథ కొత్తగా మొదలవుతుంది. ఇది వింటే నాకు చాలా కోపం వస్తుంది. వాళ్ళు మాయం కాలేదు. మాంచెస్టర్‌లో, లివర్‌పూల్‌లో, లండన్‌లో ఆవిర్లు కక్కే వంటగదుల్లో అర్ధరాత్రి దాకా నిలబడి ఇంటికి డబ్బు పంపారు. ఒక ఊరి జనం కడుపు చేతపట్టుకుని వెళ్ళిపోతే దాన్ని దయ్యాల కథ చేయడం ఆ మనుషుల్ని అవమానించడమే.

మాది జగిత్యాల వైపు పల్లె. మా వాడకట్టులో దుబాయి పోని ఇల్లు వెతికినా దొరకదు. మగవాళ్ళు పోతే ఆడవాళ్ళు బీడీలు చుట్టి, పిల్లల్ని సాకి, పొలం చూసుకున్నారు. మా మేనత్త ఒకసారి అంది: "ఊరంటే ఉన్నోళ్ళదే గాదు బిడ్డా, పోయి పైసలు పంపినోళ్ళది గూడ. గని పోయినోళ్ళు ఉన్నోళ్ళ మీద పెత్తనం జేసుడు మాత్రం మంచిగుండది." లై చీ వో గురించి చదువుతున్నప్పుడు ఈ మాట నాకు చాలాసార్లు గుర్తొచ్చింది. పెత్తనం విషయానికి మళ్ళీ వస్తాను.

2013 తర్వాత

హాంగ్‌కాంగ్ విశ్వవిద్యాలయం, కొన్ని పర్యావరణ సంస్థలతో కలిసి 2013లో ఇక్కడ పని మొదలుపెట్టింది. హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు నిధులిచ్చింది. మామూలుగా ఇలాంటి పథకాలు గోడలకి సున్నం కొట్టడంతో మొదలవుతాయి. వీళ్ళు పొలంతో మొదలుపెట్టారు, నాకు నచ్చింది అదే. తుప్పలు కొట్టి, పాత కాలవలు ఎక్కడ పోయేవో వెతికి, పూడిక తీసి, నీళ్ళు మళ్ళీ మెట్ల మీదికి తెచ్చారు. అందుకోసం ముందు భూమి హక్కుదార్లందర్నీ వెతకాలి. ఒక్కో మడి అన్నదమ్ముల పిల్లల పిల్లల మధ్య ముక్కలై, సంతకం పెట్టాల్సినవాళ్ళు సముద్రాల అవతల ఉన్నారు. ఏడూళ్ళ పొత్తు పెద్దలు, తిరిగొచ్చిన కొందరు ముసలివాళ్ళు మధ్యవర్తులై వాళ్ళని ఒప్పించారు. భూమి వాళ్ళ పేరునే ఉంటుంది, సాగు కొత్తవాళ్ళు చేస్తారు.

వరి మళ్ళీ పండింది. రసాయనాలు లేకుండా కూరగాయలు, అల్లం, పసుపు, చెట్ల నీడన కాఫీ వేశారు. పసుపు కొమ్ము చూసి నేను ఆగిపోతే, పొలంలో ఉన్నామె తవ్వి చేతిలో పెట్టింది. నగరంలో ఏదో ఉద్యోగం చేసి వదిలేసి వచ్చిందట. చేతిగోళ్ళ కింద పసుపు రంగు దిగిపోయి ఉంది. అడవి పందులు రాత్రుళ్ళు ఎలా తవ్విపోస్తాయో, కంచె ఎక్కడ తెగిందో చాలాసేపు చెప్పింది. ఊరి పెద్దాయన ఒకరు అటుగా వచ్చి, ఆమె కట్టిన గట్టు చూసి ఏదో అన్నాడు. ఆమె వెంటనే పార తీసుకుని ఒక చోట మట్టి తీసి నీళ్ళు అటు తిప్పింది. ఏమన్నాడని అడిగితే, వాన గట్టిగా పడితే ఆ మూల తెగుతుందని, చిన్నప్పుడు అమ్మ అక్కడే నీళ్ళు వదిలేదని అన్నాడట. పొలం ఆయన వంశానిది. పార ఆమె చేతిలో ఉంది. ఆయన అమ్మకి తెలిసింది ఆమె చేతుల్లోకి వచ్చింది. ఊరు బతికి ఉందో లేదో తేల్చమంటే నేను ఆ మూలనే చూపిస్తాను.

2018లో ప్రభుత్వం పల్లెల సంరక్షణకి ఒక ప్రత్యేక కార్యాలయం పెట్టింది, 100 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లు కేటాయించింది. 2020లో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో లై చీ వోకి సుస్థిర అభివృద్ధి విభాగంలో యునెస్కో ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. ఊళ్ళో కొన్ని పాత ఇళ్ళని బాగుచేసి, రాత్రి బస చేసే వీలు కల్పించారు.

ఫుజియన్ మట్టికోటల సంగతి కూడా ఇక్కడ తలుచుకోవాలి. 2008లో యునెస్కో 46 కోటల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1709లో పూర్తయిన చెంగ్‌చి లౌ నాలుగు వలయాల కట్టడం, ఒకే జియాంగ్ వంశం కోసం కట్టింది. కింద వంటిళ్ళు, రెండో అంతస్తులో గాదెలు, పైన పడకగదులు, నట్టనడుమ పూర్వీకుల గది. మనిషన్నవాడు చూసి తీరాల్సిన కట్టడాలు, అందులో సందేహం లేదు. కానీ రెండో అంతస్తులో గాదెలు ఎందుకున్నాయో పొలం లేకుండా ఎలా అర్థమవుతుంది? కోటని కాపాడి పొలాన్ని వదిలేస్తే, గాదె అన్నది పర్యాటకుడికి చూపించే గది అయిపోతుంది. అందుకే కట్టడంగా చూస్తే చాలా చిన్నదైన లై చీ వో, వారసత్వంగా నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

నాకున్న అనుమానాలు

అలాగని అంతా బాగుందని అనలేను.

భాష పోతోంది. హాంగ్‌కాంగ్‌లో ఇంట్లో హక్కా మాట్లాడేవాళ్ళు ఇప్పుడు 1 శాతం కంటే తక్కువ. పొలం చేసే కొత్తవాళ్ళు కాంటోనీస్ మాట్లాడతారు, ఇంగ్లండు నుంచి వచ్చే మనుమలు ఇంగ్లీషు మాట్లాడతారు. కొండ పాటలు, హక్కా స్త్రీలు పని చేస్తూ ఒక కొండ మీంచి ఇంకో కొండకి పాడుకున్నవి, ఇప్పుడు వేదిక మీద తప్ప వినపడటం లేదు. కాలవ తవ్వినంత తేలిగ్గా భాషని తవ్వి తీయలేం. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఇంకొకటి, కొత్తవాళ్ళు ఎన్నాళ్ళుంటారు? 17వ శతాబ్దంలో వచ్చినవాళ్ళు ఆకలితో వచ్చారు, వెనక్కి పోవడానికి చోటు లేదు, చేసిన నేల వాళ్ళదైంది. ఇప్పటివాళ్ళకి నగరంలో ఇల్లుంది, డిగ్రీ ఉంది. విసిగితే ఆదివారం పడవెక్కి వెళ్ళిపోవచ్చు. నేల మీద వాళ్ళకి కౌలు తప్ప ఏ హక్కూ లేదు. పండింది అమ్మితే వచ్చే డబ్బు ఒక్కదానితోనే ఈ పని నిలుస్తుందని నేనూ అనుకోను. మా తమ్ముడి మాటలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఇదే. దాతల నిధులు ఆగిపోతే? నేనైతే ఇలా ఆలోచిస్తాను. ఆ అడవి నీళ్ళని ఆపుతోంది, ఆ మడుల్లో కప్పలు, తూనీగలు, పిట్టలు బతుకుతున్నాయి. ఊపిరాడని నగరం మొత్తానికి ఆదివారాలు నడవడానికి ఒక చోటుంది. వీటన్నిటికీ ధర కట్టకుండా, కూరగాయల అమ్మకం ఒక్కటే లెక్కేసి నష్టమనడం న్యాయం కాదు. ప్రజల డబ్బు రోడ్లకీ వంతెనలకీ పెడుతున్నాం, దీనికి ఎందుకు పెట్టకూడదు?

కూతుళ్ళ మాట

అన్నిటికంటే బరువైన అనుమానం ఆడవాళ్ళ గురించి.

హక్కా స్త్రీలు పాదాలు ఎదగకుండా గుడ్డతో బిగించి కట్టుకోలేదు. చైనాలో మిగతాచోట్ల కాళ్ళు చిన్నవైతేనే పెళ్ళి అనుకున్న కాలంలో వీళ్ళు నాగలి పట్టారు, గడ్డి కోశారు, కావడి మోశారు. అంచున నల్లగుడ్డ కుచ్చులు వేలాడే వెదురు టోపీ పెట్టుకుని పొలంలో వంగి ఉన్న హక్కా స్త్రీ ఫోటోలు పాత హాంగ్‌కాంగ్ పుస్తకాల్లో కనిపిస్తాయి. మగవాళ్ళు ఓడల మీదికి, తర్వాత హోటళ్ళకి పోయినప్పుడు ఆ మెట్ల పొలాలని నిలబెట్టింది వాళ్ళే. ఇప్పుడు కూడా సెలవు రోజున లై చీ వో మైదానంలో చా క్వోలు అమ్మేది ముసలి ఆడవాళ్ళే. బియ్యప్పిండి ముద్దలో తీపో ఉప్పో కూరి, అరటాకు ముక్క మీద పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. మా ముందే ఒకామె మూత తీసి, వేలితో నొక్కి చూసి, "ఇంకా కాలేదు, ఆగండి" అని సైగ చేసి మళ్ళీ మూత పెట్టింది. వెనక వరసలో జనం పెరుగుతున్నా తొందరపడలేదు.

అంత చేసిన ఆడవాళ్ళకి నేల మీద హక్కు లేదు. కొత్త మండలాల్లో ఆచారం ప్రకారం ఆస్తి కొడుకులకే పోయేది. చట్టసభలో క్రిస్టీన్ లో తెచ్చిన సవరణతో 1994లో కూతుళ్ళకి వారసత్వపు దారి తెరుచుకుంది. దాన్ని అడ్డుకోవడానికి కొత్త మండలాల పెద్దలు గట్టిగా పోరాడారు, ఆచారం చెడిపోతుందన్నారు. 1972 నాటి చిన్న ఇంటి విధానం ఇంకా అలాగే ఉంది. స్థానిక వంశంలో పుట్టిన మగవాడికి 18 ఏళ్ళు నిండితే, జీవితంలో ఒకసారి మూడంతస్తుల ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అడగొచ్చు. కూతురికి లేదు. 2021లో అత్యున్నత న్యాయస్థానం కూడా ఈ విధానాన్ని సమర్థించింది.

మేనత్త అన్న పెత్తనం ఇదే. ఊళ్ళో ఎన్నడూ ఉండని, ఆ భాష రాని మనవడికి ఊరి హక్కుంది. నలభై ఏళ్ళు కలుపు తీసిన ఆడమనిషి తన పుట్టింటి ఊళ్ళో పరాయిది. ఇవాళ కంచె కట్టి, కాలవ తవ్వుతున్న కొత్త రైతు ఎన్నేళ్ళున్నా కౌలుదారే. వారసత్వం అంటే రక్తసంబంధం ఒక్కటే అనుకుంటే ఈ అన్యాయం మీద మాట్లాడటానికి చోటే ఉండదు. నేను పనిని బట్టి లెక్కపెట్టమంటున్నాను. అడవిని కొట్టకుండా కాసినవాళ్ళు, నీళ్ళు మళ్ళించినవాళ్ళు, గట్టు తెగకుండా చూసినవాళ్ళు, వాళ్ళదే ఆ ఊరు. 1669 తర్వాత వచ్చిన హక్కాలకి ఆ ఊరు అలాగే వచ్చింది, వంశవృక్షం చూపించి రాలేదు. తమకి దొరికిన ఆ న్యాయం కూతుళ్ళకీ కొత్తవాళ్ళకీ దొరక్కూడదని ఆ వంశాలు అంటే, వాళ్ళు తమ పూర్వీకుల కథనే కాదంటున్నట్టు.

ఇప్పుడు చుట్టుపక్కల ముయ్ త్సి లామ్, కాప్ తాంగ్ లాంటి ఊళ్ళలో కూడా ఇళ్ళు బాగుచేయడం, పొలాలు తుప్ప కొట్టడం మొదలైంది. అవార్డులు వచ్చాక నిధులు వస్తాయి, పడవలు పెరుగుతాయి. ఆ ఊళ్ళ పెద్దలు ఇళ్ళ కప్పులకంటే ముందు కౌలు కాగితాల గురించి మాట్లాడాలని నా కోరిక. కొత్త రైతుకి ఎన్నేళ్ళ భరోసా ఇస్తారు, ఊరి సభలో మాట చెల్లుతుందా, పెళ్ళై వెళ్ళిన కూతురు తిరిగొచ్చి మడి చేస్తానంటే ఇస్తారా. వీటికి జవాబులు ఉన్న ఊరు నిధులు ఆగినా కొన్నాళ్ళు నిలబడుతుంది.

మా తమ్ముడికి ఈ వ్యాసం పంపిస్తే అతను అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. మరి మీ ఊళ్ళో మీరేం చేస్తున్నారక్కా అంటాడు. మా ఎకరన్నర నీళ్ళ పొలం పక్కూరి నుంచి వచ్చిన ఒకాయన చాలా ఏళ్ళుగా కౌలుకి చేస్తున్నాడు. పట్టా మా బాబాయి పేరున ఉంది కాబట్టి 2018 నుంచి రైతుబంధు డబ్బు బాబాయి ఖాతాలోనే పడింది, దున్నిన మనిషికి రూపాయి రాలేదు. కాగితం రాసిస్తే భూమి పోతుందని బాబాయి భయం. ఏళ్ళ లెక్కన కౌలు రాసుకున్నా పట్టా ఎక్కడికీ పోదని, లై చీ వోలో అన్ని వంశాల భూముల మీద వేరేవాళ్ళు సాగు చేస్తున్నా హక్కు ఎవరిదీ పోలేదని ఫోన్లో చెప్పాను. "చైనోళ్ళ ముచ్చట మనకెందుకు" అన్నాడు. దసరాకి ఇంటికి పోతున్నాను. మేనత్త కూడా వస్తానంది. ఈసారి ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడతాను.